తిన్నాక చెప్పే మాట

పోయిన సోమవారం పొద్దున సిరిసిల్లలో మా ఇంటి పక్క సాంచాలు అప్పుడే మొదలయ్యాయి. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటాం. అవి నడుస్తుంటే ఫోన్లో ఒక్క ముక్క వినపడదు. వీధిలోకి వచ్చి ఫోన్ చెవిన పెట్టుకున్నాను. అవతల అమ్మ, "తిన్నవా బిడ్డ?" అంది. రాయికల్ దగ్గర మా ఊళ్లో మా బాపమ్మ, అంటే మా బాపు కన్నతల్లి, పోయిందని ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది.

లోపలికి వెళ్లి ఉప్మా రెండు ముద్దలు మింగి, పళ్లెం పక్కకు నెట్టాను. మళ్లీ ఫోన్ చేసి తిన్నానని అబద్ధం చెప్పాను. అప్పుడు అమ్మ ఏడ్చింది.

మీ ఇళ్లల్లో ఆ మాట ప్రేమగా అడుగుతారు. మా ఇంట్లో అదంటే భయం, ఆ భయం పెట్టింది బాపమ్మే. ఎప్పుడూ ఆమే అడిగేది, అందుకే అమ్మ నోట వినగానే తెలిసింది. చెడు కబురు ఏదైనా సరే, వినాల్సిన మనిషి కడుపు నిండాకే చెప్పాలని ఆమె పట్టుదల. తిన్నామంటే నమ్మేది కాదు. కంచం వంచి చూపించాలి. మెతుకు మిగిలితే నోరు విప్పేది కాదు.

ఎందుకో ఒకసారి అడిగాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా తాత జగిత్యాల దవాఖానలో పోయిన రోజు ఆమె పొలంలో నాటు వేస్తోందట. పొద్దటి నుంచి ఏమీ తినలేదు. ఎవరో గట్టు మీద నిలబడి అరిచి చెప్పారు.

"మూడు దినాలు మెతుకు ముట్టలే బిడ్డ. నీ బాపు గప్పుడు పాలు తాగే పోరడు. పాలు రాక ఏడ్చి ఏడ్చి వాని గొంతు పోయింది. పోయినాయిన ఎట్లనూ రాడు. ఉన్నోన్ని గూడ పోగొట్టుకుంటనా అని గజగజ వణికిన," అంది. చేతులు మాత్రం ఆగలేదు. ఒక బీడీకి దారం చుట్టి ఇంకో ఆకు తీసుకుంది.

అసలు ఆమె అంత పిరికి మనిషి మా ఇంట్లో ఇంకొకరు లేరు. ఉరిమితే దుప్పటి ముసుగు పెట్టేది. సూది మందంటే మంచం దిగి పారిపోయేది. రోడ్డు దాటాలంటే పక్కన ఎవరో తెలియకపోయినా చెయ్యి పట్టుకునేది. అట్లాంటి మనిషి నేను కోరుట్లలో ఇంటర్ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం ఒంటరిగా హాస్టల్‌కు వచ్చింది. చేతిలో అన్నం డబ్బా. "తిన్నవా?" అంది.

బాపు అప్పటికే మస్కట్‌లో ఉన్నాడు. ఎత్తు మీద నిలబడి సెంట్రింగ్ కొట్టే పని. పైనుంచి పడ్డాడని చెప్పడానికే వచ్చిందనుకున్నాను. నేను తినకపోతే ఆమె చెప్పదు, చెప్పకపోతే బాపుకు ఏమీ కాదు. అప్పుడు నా బుర్రకు తట్టింది అంతే. డబ్బా తోసేసి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నేను తినకపోయేసరికి నాకేదో కబురు ముందే అందిందనుకుని ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం అరగంట ఏడ్చాం. చివరికి తేలిందేమంటే, ఆమె కళ్ల డాక్టర్ దగ్గరికి వచ్చి, అటే నన్ను చూసిపోదామనుకుంది.

"ఊకెనే అడిగితె గూడ పానం తీస్తివి గదనే," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరే, ఇప్పటి సంది ఊకెనే అయితె 'ఏం కూర' అంట. 'తిన్నవా' అంటె గప్పుడు భయపడు."

ఆ ఒప్పందం బాపుకు కూడా చెప్పింది. రోజూ ఆయన అన్నం తినే వేళకు బాపమ్మే ఫోన్ చేసి "ఏం కూర కొడుకా?" అనడం చివరిదాకా తప్పలేదు.

సోమవారం నేను ఊరు చేరేసరికి బాపమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. బాపు వచ్చేదాకా ఆపలేరు. ఎత్తేలోపల ఆయనకు ఒక్కసారి ముఖం చూపించాలి. ఎవరు చెప్పాలన్నదే ప్రశ్న. అమ్మ తన వల్ల కాదని ఫోన్ నా చేతిలో పెట్టింది.

మా తాత తమ్ముడు, చిన్నతాత, తొందరపడ్డాడు. "ఎండ ఎక్కుతుంది బిడ్డ. మీ బాపు పనికాడి ఫోర్‌మన్‌కు చేసి చెప్పిద్దాం."

"వద్దు తాతా. బాపు ఎత్తు మీద ఉంటడు. దిగి తిననియ్యి."

అక్కడ పన్నెండైతే ఇక్కడ ఒంటిగంటన్నర. అప్పటిదాకా ఆపమని అందరి కాళ్లావేళ్లా పడ్డాను. అంతసేపూ ఒకటే భయం. ఎవరైనా ముందే మెసేజ్ పెడతారేమో, ఆయన పైనుంచే చదువుతాడేమో, కాలు జారుతుందేమో. ఇన్నేళ్లు బాపమ్మ ఈ బరువు ఎట్లా మోసిందో అప్పుడు తెలిసింది. ఆమెకూ ప్రతిసారీ ఇంతే భయమేసి ఉంటుంది.

ఒంటిగంటన్నరకు చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. ఆ వేళకు చేయాల్సింది నేను కాదని ఆయనకు తెలుసు. "ఏం కూర బాపూ?" అన్నాను. అబద్ధమే. ఆ ఒక్క పూటయినా నెమ్మదిగా తిననీ అనుకున్నాను.



"పప్పు," అన్నాడు. "ఫోన్ పెట్టకు బిడ్డ."

డబ్బా మూత తీసిన చప్పుడు. తర్వాత నములుతున్న చప్పుడు. మధ్యలో ఒకసారి ఆగింది. నీళ్లు తాగి మళ్లీ తిన్నాడు.

"తిన్న," అన్నాడు. "వీడియో పెట్టి అమ్మ దిక్కు తిప్పు."

నేనింకా ఏమీ చెప్పనే లేదు. ఫోన్ బాపమ్మ ముఖం ముందు పట్టుకున్నాను. తెర మీద ముందు బాపు ముఖం రాలేదు. డబ్బా వచ్చింది. మెతుకు లేని డబ్బాను ఆమెకు కనబడేలా వంచి పట్టుకున్నాడు.