నా గొంతుతో తిరిగిన ఆటో

అది 1997. నగరి బస్టాండు పక్కన నాకొక మైక్‌సెట్ అంగడి ఉండేది. ఒక ఆంప్లిఫైయరు, రెండు హారన్లు (ఉమ్మెత్త పువ్వులా నోరు తెరుచుకునే లౌడ్‌స్పీకర్లు), బాడుగ ఆటో, నా గొంతు. ఇంతే ఆస్తి. పోలియో చుక్కల కబురు మొదలు జాతర కబురు దాకా ఊరికి నేనే చెప్పేవాణ్ణి. మైకు మణి అని పిలిచేవాళ్లు. మైకు చేతికొస్తే మనిషికి మైకం కమ్ముతుందని మా ఆవిడ అభిప్రాయం.

నా గొంతుకు ఒకటే అవిటితనం. నాలుకను అదిమిపెడితే తప్ప 'చ' పలకదు. మా జిల్లాలో చాలామందికి అంతే గానీ, వాళ్లెవరూ హారన్ కట్టుకొని ఆ సంగతి ఊరంతా చాటుకోరు కదా. వినాయక చవితిని 'సవితి' చేసి ఆ దేవుడికి లేనిపోని చుట్టరికం అంటగట్టిన ఘనత నాదే.

ఆ ఏడు మా చేనేత సహకార సంఘానికి ఎన్నికలు వచ్చినాయి. సంఘంలో నూలు దొరికినంత కాలం నేతగాడు తన మగ్గానికి తానే యజమాని. సంఘం చెయ్యి జారితే, తమిళనాడు బార్డరు అవతలి నూలు వ్యాపారుల కింద కూలికి నేయాల్సిందే. ఆ వ్యాపారులు తమకు అనుకూలమైన వాళ్లను పోటీకి నిలబెట్టినారు. వాళ్ల ఓట్లు వాళ్లకు ఉండనే ఉన్నాయి. మిగిలినవాళ్లు ఇల్లు కదలకుంటే చాలు.

పోలింగ్ రోజు పొద్దున పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. వీధిలోంచి నా గొంతు వినిపించింది.

"చేనేత సోదర సోదరీమణులకు ముఖ్య గమనిక. కోర్టు ఉత్తర్వుల వలన నేటి పోలింగ్ వాయిదా పడినది."

వంటింట్లోంచి మా ఆవిడ, "ఈ పొద్దు భలే సుద్దంగా సెప్తాండావే!" అని మెచ్చుకునింది. ఆ తర్వాత పెరట్లోకి వచ్చి నన్ను చూసి బిత్తరపోయింది. "నువ్వు ఈడుంటే, ఆ వీధిలో పొయ్యే నువ్వెవురు?"

బ్రష్షు నోట్లో ఉండగానే పరుగెత్తినాను. తమిళనాడు నంబరు ఆటో ఒకటి మలుపు తిరిగిపోతోంది. లోపల డ్రైవరు, టేప్ డెక్కు తప్ప ఇంకెవరూ లేరు. ఎవరో మిమిక్రీ ఆయన చేత క్యాసెట్ చేయించినారు. నా సాగదీత, మధ్యలో నా దగ్గు, అన్నీ దించేసినాడు. దొంగిలించేటంత విలువ నా గొంతుకు ఉందని తెలిసి ఒక్క క్షణం పొంగిపోయిన మాట నిజం.

పోలింగ్ పెట్టిన బడికి పోతే వరండా బోసిగా ఉంది. ఎన్నికల అధికారి నన్ను చూసి మండిపడ్డాడు.

"పొద్దున తిరిగింది నువ్వేనా?"

"నేను కాదు సార్, నా గొంతు."

సంగతంతా విని, 'పోలింగ్ యథావిధిగా జరుగుచున్నది' అని రాసిచ్చి పంపినాడు. సర్కారు మాట గదా, ఒక్క 'చ' కూడా జారకూడదని నాలుకను అదిమిపెట్టి బయల్దేరినాను.

నేతగాళ్ల వీధిలోకి ఆటో పోలేదు. పోలింగ్ లేదని నమ్మి, వీధి పొడవునా పడుగు దారాలు సాచి గంజి పెడుతున్నారు. ఒక ఇంటి పడుగుకు పది ఇళ్ల చేతులు కావాలి. సాచినాక ఆరేదాకా వదిలిపెట్టి పోలేరు. వీధి మూల నుంచే మైకులో చదివినాను. ఎవరూ తలెత్తలేదు. ఇక లాభం లేదని మైకు ఆటోలో పెట్టి దిగి నడిచినాను.

గంజి కుంచెతో మునెమ్మత్త ఎదురొచ్చింది. ఆ వీధికి ఆమె మాటే మాట.

"పొద్దన్నే లేదంటివి. ఇప్పుడు ఉండాదంటావు. అది నోరా, మోరీనా?"

"చూడండమ్మా," అన్నాను మర్యాదగా, "చెప్పేది చివరిదాకా..."

"సూసినారా! పొద్దన్నే గూడా ఇట్లనే పలికినాడు, పంతులు మాదిరి. ఆ నూలోళ్లు బాగా నేర్పించినట్టుండారు. ఎంతకు కుదిరినావప్పా?"

అమ్ముడుపోయినానన్న మాటతో ఒళ్లు మండింది. అదిమిపెట్టిన నాలుక తెగిన పగ్గమైంది.

"సూడత్తా! సిన్నప్పుడు నీ సేతి సంగటి తిన్నోణ్ణి. నేనెందుకు అమ్ముడుపోతా? పొద్దన్నే అరిసింది నేను కాదు, క్యాసెట్టు! అవతల సంగం సచ్చిపోతాంటే ఈడ గంజి పూస్తా కూసుంటారా?"

పడుగు అవతలి కొసన ఎవరో కిసుక్కున నవ్వినారు. తర్వాత వీధంతా నవ్వింది.

"ఇదీ మన మణిగాని నోరు," అనింది మునెమ్మత్త. అయినా వదల్లేదు. "నిన్ను సెప్పమనింది ఎవురు?"

"ఎన్నికల ఆఫీసరు. బడికాడ కూసోనుండాడు. ఒకరిని పంపి సూడు. అంతదాకా యాడికీ పోను. అబద్దమైతే ఆ కుంచె నా మొగాన పుయ్యి."

ఆమె కోడల్ని పంపింది. నేను ఎండలో, అందరి చూపుల మధ్య నిలబడినాను. కోడలు తిరిగొచ్చింది. వేలు పైకెత్తి చూపింది. గోటి మీద సిరా మరక.

"సగం మంది పోండి. వాళ్లొచ్చినాక మిగతావాళ్లు," అని మునెమ్మత్త కుంచె నా చేతికిచ్చింది. "ఊరికే నిలబడితే ఎట్ల? పుయ్యి!"

ఆ పడుగుకు గంజి పూసి, మిగిలిన వీధులకు కాలినడకన పోయినాను. సర్కారు కాగితం మళ్లీ తెరవలేదు. సాయంత్రానికి సంఘం నేతగాళ్ల చేతిలోనే నిలిచింది. నేను జీవితంలో గెలిచిన ఎన్నిక అదొక్కటే, అదీ పోటీ చేయకుండా.

ఆ క్యాసెట్‌లో గొంతు నాది, భాష నాకన్నా మంచిది. లేనిదల్లా అడిగితే బదులు చెప్పే మనిషి. నిలబెట్టి తిట్టడానికి వీల్లేని మాటను నమ్మితే ఏమౌతుందో ఆ రోజు మా వీధులకూ తెలిసింది, నాకూ తెలిసింది. ఆనాటి నుంచి ఏ కబురైనా చెప్పించినవాళ్ల పేరుతోనే మొదలుపెట్టినాను. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆటో ఆపి, దిగి, అడిగినదానికి బదులు చెప్పి కదిలేవాణ్ణి. తర్వాతి ఎన్నికల్లో ఒక పార్టీ ఆయన, పేరెందుకు, దిగడమెందుకు, పెట్రోలు దండగ అని విసుక్కున్నాడు. వేరే మైకు చూసుకోమని చెప్పినాను.