యాడ నొస్తదని అడిగే కొట్టు

కుట్టు గదిలో అల్మారా పై అర ఖాళీగా ఉంది.

కట్టమ్మ తలుపు మూసి మళ్లీ తెరిచింది. అట్లా చేస్తే పోయినవి తిరిగి వస్తాయా! నిన్న సాయంత్రం ఇస్త్రీ చేసి, పేర్లు రాసిన చీటీలు గుండుసూదులతో గుచ్చి, తన చేత్తో తాను సర్దిన తొమ్మిది వస్తువులూ లేవు. కింది అరల్లోవి కదలలేదు. పోయినవన్నీ బాగా కుదిరినవే. ఎవరో గానీ తీరిగ్గా చూసి ఏరుకున్నారు. చీటీలను మాత్రం ఊడబీకి అర మూలకు నెట్టారు.

వస్తువులు పోయినందుకు ముందు కంగారుపడింది. ఆ చీటీలు చూశాక ఒళ్లు మండింది. ఏ వస్తువు ఎవరిదో తెలిసే తీసుకుపోయారన్నమాట.

నర్సంపేట రోడ్డు మీద ఐదు వందల మంది ఆడపిల్లలుండే ఆ హాస్టల్ బడిలో కట్టమ్మది కుట్టు పని. చిరిగిన యూనిఫాంలు బాగుచేయడం, పొట్టివైన లంగాల అంచులు దించడం, ఊడిన గుండీలు కుట్టడం. ఒక ఏజెన్సీ కింద కాంట్రాక్టు ఉద్యోగం. ఆమెకు కుట్టు ఎవరూ నేర్పలేదు. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్లప్పుడు హనుమకొండ వచ్చి ఒక టైలర్ దగ్గర కాజాలు కుట్టే పనికి కుదిరింది. పదకొండేళ్లు కాజాలే. మాస్టర్ కత్తెర ముట్టనిచ్చేవాడు కాదు. పాత చొక్కాలు ఇంటికి తెచ్చుకుని, కుట్లన్నీ విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్లీ అతికి చూసుకుంటూ కత్తిరింపు నేర్చుకుంది. మాటలతో పని చెప్పేవాళ్లంటే ఆమెకు అప్పటినుంచే చిరాకు.

ఆ బడిలో సెలవులకు ముందు రెండు రోజులు కుట్టు గది కొట్టుగా మారుతుంది. పండుగకు ఇంటికి పోయే పిల్లలు ఇంట్లోవాళ్ల కోసం ఏదో ఒకటి పట్టుకుపోయే కొట్టు. దానికి మొదలు ఆరేళ్ల కిందట పడింది. ఒక పిల్ల గేటు ముందు బండి మీద వాళ్లమ్మ కోసం ప్లాస్టిక్ తాజ్‌మహల్ కొనుక్కొచ్చి మురిసిపోతూ చూపించింది.

"మీ అమ్మ ఏం పని చేస్తది బిడ్డా?" అని అడిగింది కట్టమ్మ.

"పత్తి ఏరుతది అత్తా."

"మరి తాజ్‌మహల్‌ల నింపుతదా పత్తి?"

పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. అన్న మాటకు కట్టమ్మ తనను తానే తిట్టుకుని, యూనిఫాం గుడ్డ మిగిలిన ముక్కలతో అప్పటికప్పుడు పత్తి ఏరే ఒడిసంచి కుట్టి ఇచ్చింది. మెడ కోసుకుపోకుండా పట్టీ వెడల్పుగా పెట్టింది. సెలవులయ్యాక ఆ పిల్ల వచ్చి, "మా వాడకట్టోళ్లందరు అడుగుతాన్రు అత్తా" అంది.

ఆ కొట్టులో డబ్బు నడవదు. వస్తువు కావాలన్న పిల్ల రెండు నెలల ముందే వచ్చి చెప్పుకోవాలి. కట్టమ్మ మూడే ప్రశ్నలు అడుగుతుంది. ఎవలికి? ఏం పని చేస్తరు? యాడ నొస్తది? మూడోదానికి జవాబు తెలియని పిల్లను, "పోయి ఫోన్ల అడిగి రా" అని వెనక్కి పంపుతుంది. ధర పనితోనే. ఆదివారాలు వచ్చి చిన్న తరగతుల పిల్లల గౌనులకు గుండీలు కుట్టాలి, అంచులు మడవాలి. కుట్టు వంకర పోతే విప్పించి మళ్లీ కుట్టిస్తుంది. కొత్తవాడ మగ్గాల దగ్గర జంపఖానాల చివర్లు అడిగి తెచ్చుకుంటుంది. మెత్తగా, మందంగా ఉండాల్సిన చోట అవే వేస్తుంది.

మాయమైన వాటిలో తొమ్మిదో తరగతి సింధు వాళ్ల అమ్మమ్మ సంచి ఉంది. ఏటూరునాగారం అవతల గూడెంలో ముసలమ్మ. పేరు సమ్మమ్మ. అడవిలో తునికాకు కోయబోయి పడితే ఎడమ భుజం కిందికి జారింది, ఏ సంచి వేసుకున్నా నిలవదు. రాఖీ సెలవుల్లో సింధు నూలు దారంతో ఆమె రెండు భుజాలూ కొలిచి, కొలత కొలతకు ముడి వేసి తెచ్చింది. దాన్ని బట్టి ఒకవైపు పట్టీ నాలుగు వేళ్లు పొట్టిగా పెట్టింది కట్టమ్మ. ఇంకొకరి భుజానికి అది పనికిరాదు. సింధు దానికోసం ఎనభై గుండీలు కుట్టింది.

ఏడో తరగతి కావ్యకు జత దిండ్లు. వాళ్ల నాయన సాంబయ్య పత్తికి మందు కొట్టే పంపు మోసీ మోసీ, పట్టీలు ఒరుసుకుని భుజాలు పుండ్లు పడ్డాయి. పట్టీ దూరేలా, భుజం మీద మెత్తగా ఆనేలా రెండు గుడ్డ గొట్టాలు కుట్టింది.

కట్టమ్మ చీటీలు కొంగున ముడేసుకుని గేటు దగ్గరికి నడిచింది. వాచ్‌మన్ మొండయ్య ఆమె రావడం చూసి కుర్చీలోంచి లేచాడు.

"తాళంచెవి ఎవ్వలకిచ్చినవ్ మొండన్నా?"

"నా మీద లేవకే కట్టవ్వా. రాత్రి మేడమే వచ్చి తీయమన్నది. నౌకరీ నాది. వద్దంటనా నేను?"

"చీటీలు బీకుతాంటే చూస్కుంట నిలబడ్డవా?"

మొండయ్య తల గీరుకున్నాడు. "ఒగటి నేను గూడ బీకిన" అన్నాడు మెల్లగా.

ప్రిన్సిపాల్ శోభారాణి తన గదిలో పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. పదింటికి బతుకమ్మ సంబురాలు. బడికి మంచినీళ్ల ప్లాంటు పెట్టించిన ప్లాట్ల వ్యాపారి రమాకాంత్ ముఖ్య అతిథి. పన్నెండు దాటితే తల్లిదండ్రులొచ్చి పిల్లల్ని ఊళ్లకు తీసుకుపోతారు.

"నేనే పిలుద్దామనుకున్న కట్టమ్మా. మెమెంటోలోడు హ్యాండిచ్చిండు. ఉత్త చేతులతోని పంపుతమా గెస్టులను? నీ వర్క్ చూసిన, ఎక్సలెంట్. స్టేజి మీద నీ పేరు చెప్త."

"నా పేరెందుకు మేడం? అవి పిల్లలయి."

"పిల్లలకు తర్వాత కుట్టియ్యి. స్కూల్‌ల గుడ్డ, స్కూల్‌ల మిషిను. వాళ్లేమన్న పైసలిచ్చిన్రా?"

"పనిచ్చిన్రు. రెండు నెలల్సంది ఆదివారం ఆడుకోకుంట కుట్టిన్రు. ఒంటిగంట బస్సుకు పోయే పిల్లకు తర్వాత అంటే ఎప్పుడు మేడం?"

"జర పెద్దగ ఆలోచించు. సార్ ఖుష్ అయితే నీ కుట్టు గదికే కొత్త మిషిన్లిస్తడు." శోభారాణి గడియారం చూసుకుంది. "ఫంక్షన్ అయినంక మాట్లాడుదాం."

కట్టమ్మ వెనక్కి తిరిగింది. భయంతో కాదు. వచ్చే మాట ఆ గదిలో అనదగింది కాదు. బయటికొచ్చేసరికి వరండాలో సింధు నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి.

"అత్తా, మా మామ గేటు కాడికొచ్చిండు. నాది ఇస్తవా?"

"అయిపోనియ్యి బిడ్డా ఫంక్షన్. ఇస్త."

అన్నాక తన మీద తనకే అసహ్యమేసింది. ప్రిన్సిపాల్ అన్న మాటే తానూ అన్నది.

సభ మొదలైంది. పిల్లలు ఎండలో వరుసగా కూర్చున్నారు. స్టేజి మీద తొమ్మిది మంది పెద్దలు. ఒకాయన ఆడపిల్ల చదువు గురించి మాట్లాడాడు. ఇంకొకాయన ఆయన మాట్లాడింది ఎంత బాగుందో మాట్లాడాడు. తర్వాత శాలువాలు. తర్వాత శోభారాణి మైకు ముందుకొచ్చి, "మన విద్యార్థినులు ప్రేమతో తమ చేతులతో తయారుచేసిన హస్తకళా కానుకలు" అంది. పిల్లల్లో గుసగుస లేచింది.

రమాకాంత్ భుజానికి సమ్మమ్మ సంచి తగిలించారు. పట్టీ పొట్టిదై అది ఆయన చంకలో ఇరుక్కుంది. ఆయన నవ్వుతూ లాగి సర్దుకున్నాడు. సింధు లేచి నిలబడి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చుంది. కావ్య దిండ్ల జతను విడదీసి, ఒకటి రమాకాంత్‌కు, ఇంకొకటి పక్కనున్న పెద్దాయనకు ఇచ్చారు, "మొబైల్ పౌచ్" అంటూ. పక్కాయన ఇంకో ఫంక్షన్ ఉందని దాన్ని జేబులో కుక్కుకుని కారెక్కాడు. రమాకాంత్ మాత్రం అందరూ చూసేలా తన ఫోను తీసి అందులో పెట్టాడు. ఫోను రెండోవైపు నుంచి జారి స్టేజి చెక్కల మీద టప్పున పడింది.

పిల్లలు గొల్లుమన్నారు. రమాకాంత్ దిండు కంటికి పెట్టుకుని దుర్భిణిలా చూస్తూ మైకులో అన్నాడు: "ఏందమ్మా, అడుగుకు గుడ్డ కుట్టుడు మర్చిపోయిన్రా?"

అందరూ మళ్లీ నవ్వారు. కట్టమ్మ నవ్వలేదు. ముప్పై ఏళ్లలో ఆమె మర్చిపోయిన కుట్టు ఒక్కటి లేదు. వరుసల మధ్య నుంచి నడిచి, మెట్లెక్కి, మైకు వైపు చూడకుండా ఆయన ముందు నిలబడింది.

"మర్చిపోలే సార్. అది ఫోన్‌కు కాదు. మందు కొట్టే పంపుకు. పట్టీ ఇటు దూరి అటెల్లాలె, అందుకే రెండు దిక్కుల తెరిచున్నది. కావ్య వాళ్ల నాయినకు భుజాలు పుండ్లైనయి. ఆయనకోసం కుట్టింది."

"కట్టమ్మా, కిందికి దిగు" అంది శోభారాణి పళ్ల మధ్య నుంచి. "అయినంక మాట్లాడుదామని చెప్పిన కద."

"పిల్లలు ఊరెళ్లిపోయినంక ఏం మాట్లాడుతం మేడం? మీరు రాత్రి అల్మారా తీసినప్పుడు చీటీలు చూసిన్రు. ఎవలయి ఏందో తెలిసే తెచ్చిన్రు." కొంగు ముడి విప్పి చీటీలు బల్ల మీద పెట్టింది. "సార్, మీ భుజానున్నది ఒక ముసలమ్మది. ఆమెకు ఎడమ భుజం జారింది. మీకు రెండు భుజాలు బాగనే ఉన్నయి కద, అందుకే పడ్తలేదు."

రమాకాంత్ మొహం ఎర్రబడింది. కానీ వ్యాపారం చేసినవాడు, వెంటనే సర్దుకున్నాడు.

"అరె, గింత దానికి లొల్లెందుకమ్మా? నేనే ఇస్త. పిలువున్రి ఆ పాపను. భానుచందర్, ఫొటో తియ్యి."

ఫొటోలు తీసే భానుచందర్ ముందుకొచ్చాడు. ఎవరో మైకులో సింధు పేరు పిలిచారు. ఆ పిల్ల స్టేజి ఎక్కింది. రమాకాంత్ సంచిని రెండు చేతులా పట్టుకుని కెమెరా వైపు తిరిగాడు.

అక్కడ కట్టమ్మకు నిజంగా కోపం వచ్చింది. అంతకు ముందుది దీని ముందు లెక్కే కాదు.

"మీరిచ్చుడేంది సార్? అది ఆమెదే! ఎనభై గుండీలు కుట్టింది దానికి. తీస్కపోయినోళ్లు తిరిగి పెడ్తరు గని, దానం చెయ్యరు."

స్టేజి మీద మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు.

"పాపా, ఇటు చూడు. సార్ పక్కన నిలబడు" అన్నాడు భానుచందర్.

సింధు కట్టమ్మను అడిగింది. "అత్తా, ఫొటో దిగాల్నా?"

"అక్కెర్లే. నీ సంచి నువ్వు తీస్కో. పో, మీ మామ చూస్తాండు."

సింధు రమాకాంత్ చేతుల్లోంచి సంచి తీసుకుంది. పట్టీ చిరిగిందేమోనని అక్కడే తిప్పి చూసి మెట్లు దిగింది. ఆ తర్వాత కట్టమ్మ చీటీలు ఒక్కొక్కటిగా చదివింది. పిలిచిన పిల్ల పైకి వచ్చింది, తనది తాను తీసుకుంది. పెద్దల్లో ఒకావిడ తన దగ్గరున్నది నీటుగా మడిచి, "నాకు తెల్వదు బిడ్డా" అంటూ అందించింది. ఇంకొకాయన, "పిలిచి ఇజ్జత్ తీసుడు" అని గొణుగుతూ కుర్చీ మీద పడేశాడు. ఎనిమిది చేరాయి. తొమ్మిదోదాంట్లో సగం కారులో పోయింది.

కుట్టు గదికి వచ్చిన కావ్య చేతిలో ఒక్క దిండే ఉంది. సాంబయ్య అప్పటికే వచ్చి కుట్టు గది గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. "ఒకటున్నా సాలు తీయమ్మా" అన్నాడు.

"ఒక భుజంతోని మోస్తవా పంపు?" అని కసిరింది కట్టమ్మ. ఆయన మీద కాదు ఆ కసురు. జంపఖానా ముక్క కత్తిరించి మిషను ముందు కూర్చుంది.

సగం కుట్టగానే శోభారాణి వచ్చింది. గెస్టులను సాగనంపి నేరుగా వచ్చినట్టుంది, మెడలో శాలువా అట్లాగే ఉంది.

"ఇజ్జత్ మొత్తం మట్టిల కలిపినవ్. కొత్త మిషిన్లు రావు, ఏం రావు. సారీ అని లెటర్ రాసియ్యి. లేకుంటే దసరా తర్వాత రావద్దు. ఏజెన్సీకి ఫోన్ చేస్తాన."

మిషను ఆగలేదు.

"నీకే చెప్తాన కట్టమ్మా!"

"వింటాన మేడం. రాస్త. ఏం తీసిన్రో, ఎప్పుడు తీసిన్రో, చీటీలు ఎట్ల బీకిన్రో రాస్త. తొమ్మిది పేర్లు రాస్త. కింద సంతకం పెడ్త. మీరు గూడ పెట్టున్రి."

శోభారాణి గుమ్మంలో ఉన్న సాంబయ్య వైపు తిరిగింది. ఆయన తల దించుకుని ఉన్నాడు. చొక్కా కాలర్ పక్కన ఎర్రగా ఒరుసుకున్న చోటు కనిపిస్తోంది. ఆమె చూపు అక్కడ పడి పక్కకు తప్పుకుంది.

కట్టమ్మ దారం తెంపి, దిండును బయటికి తిప్పి, లోపలి కుట్టు గరుకుగా ఉందేమోనని వేలు పెట్టి మొత్తం తడిమింది. ఒకచోట పోగు పొడుచుకు వచ్చింది. మళ్లీ సూది కిందికి పెట్టింది. బయట బస్సు హారన్ కొట్టింది.

"పోతాందే అత్తా, బస్సు!" అంది కావ్య.

"ఆగుమను. పోగుంటే మీ నాయినకు మళ్ల ఒరుస్తది."