పిల్లలతో రైతు మేళా: అక్క గిల్లి చూపిన పత్తి మొగ్గ

వనపర్తిలో మా పాప బడి గేటు దగ్గర సాయంత్రాలు నిలబడే తల్లులం నలుగురం. గద్వాలలో పెద్ద రైతు మేళా పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి అక్కడ ఒకటే చర్చ, ఇంత చిన్న పిల్లల్ని అంత దుమ్ములోకి తీసుకుపోవడం అవసరమా అని. నేనూ అనవసరమనే అనుకున్నాను. అంతలో మా అక్క ఫోన్ చేసింది. అక్కది వడ్డేపల్లి దగ్గర ఊరు, రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తోంది. మేళాలో బ్యాటరీ స్ప్రేయర్ చూడాలట. "నువ్వొస్తే దాని మీద రాసింది చదివి చెప్తవ్" అంది. అక్క చదువు మూడో తరగతితో ఆగిపోయింది. బస్సు బోర్డు కూడబలుక్కుంటుంది కానీ కాగితాల మీది చిన్న అక్షరాలు ఆమెకు లొంగవు. నేనేమో జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. అక్క అడిగితే కాదనే మొహం నాకు లేదు.

ఎందుకు లేదో కూడా చెప్పాలి. పోయిన వేసవిలో మా శ్రావ్య, పెద్దమ్మకు చదవడం ఎందుకు రాదని అడిగింది. నిజం చెప్పడానికి నోరు రాక, పెద్దమ్మకు చిన్నప్పుడు చదువంటే ఇష్టం ఉండేది కాదని చెప్పేశాను. ఎనిమిదేళ్ల పిల్ల, ఆ జవాబు విని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం అప్పటి నుంచి అక్క గొంతు ఫోన్‌లో విన్నప్పుడల్లా తప్పు చేసినట్టే ఉంటోంది.

ఆదివారమైనా మావారికి నాగర్‌కర్నూలులో డ్యూటీ పడింది. అందుకని శ్రావ్యను, నాలుగేళ్ల బంటిని తీసుకుని నేనొక్కదాన్నే ఏడున్నర బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, బంటికి ఎలాగూ అవసరం లేదు, కాబట్టి పోను రాను బస్సు ఖర్చు సున్నా. పెబ్బేరు దాటాక బీచుపల్లి వంతెన మీద పిల్లలు కిటికీకి అతుక్కుపోయి కృష్ణను చూశారు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు పావుగంట ఆగింది. తొమ్మిదిన్నరకు గద్వాల బస్టాండులో దిగేసరికి అక్క మా కోసం కాచుకుని ఉంది. మేళా మైదానానికి షేర్ ఆటోలో మనిషికి ఇరవై. పిల్లల్ని చూసి డ్రైవర్ ట్రాక్టర్లున్న పెద్ద గేటు వైపు వద్దని చెప్పి, మేకలు, గొర్రెలు ఉండే వెనక గేటు దగ్గర దింపాడు. ఆ దయ విలువ కాసేపటికే తెలిసింది.

లోపలికి రుసుము లేదు. పది గంటలకు జనం ఇంకా పలుచగానే ఉన్నారు. బంటి గొర్రెపిల్లల దగ్గర అరగంట సంతోషంగా గడిపాడు. తర్వాత ఎక్కడో దున్నే యంత్రం ఒకటి మోత మొదలుపెట్టగానే చెవులు మూసుకుని ఏడుపు లంకించుకున్నాడు. మైకులు, దుమ్ము, ఎండ, మరుగుదొడ్ల దగ్గర వరస. నాలుగేళ్ల పిల్లలకు ఇది శిక్షే. వాణ్ని చంకనెత్తుకుని, మోత తక్కువగా ఉన్న విత్తనాల స్టాళ్ల వైపు నడిచాం. అక్కడే నా అడుగులు నెమ్మదించాయి.

ఒక స్టాలు ముందు పెద్ద కుండీల్లో పత్తి మొక్కలు పెట్టారు. కొన్ని మొగ్గల మీద కాగితపు టోపీలున్నాయి. కంపెనీ చొక్కా వేసుకున్న మనిషి పిల్లలను దగ్గరికి పిలిచి ఓపిగ్గా చెబుతున్నాడు. ఆడ మొక్క మొగ్గలో పుప్పొడి ఉండే భాగాన్ని ముందురోజు సాయంత్రమే గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. అప్పుడే సంకర విత్తనం వస్తుంది. మా వైపు ఈ పనిని క్రాసింగ్ అంటారు. మూడు నెలలు రోజూ, ఒక్కో మొగ్గనూ చేత్తోనే చేయాలి. శ్రావ్య కళ్లార్పకుండా వింటోంది.

"పాపతోని ఒకటి గిల్లిపిద్దాం. చిన్న వేళ్లకైతే మొగ్గ నలగదు" అన్నాడతను. చెడ్డగా అన్న మాట కాదు.  కానీ మా చిన్నప్పుడు, విత్తనాల కోసం సీడు పత్తి వేసే రైతు మా నాన్నతో అన్న మాట సరిగ్గా అదే.

శ్రావ్య చెయ్యి చాచింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది.

"పాప వద్దు తమ్మీ. నేను చూపిస్త."

బొటనవేలి గోరు మొగ్గ అడుగున పెట్టి ఒక్క తిప్పు తిప్పింది. రేకులు, పుప్పొడి కలిసి ఊడి వచ్చేశాయి, నడుమ సన్నటి కాడ గీత పడకుండా నిలబడింది. ఇరవై ఏళ్లు దాటింది అక్క ఆ పని మానేసి. స్టాలు మనిషి చప్పట్లు కొట్టాడు. శ్రావ్య మొహం వెలిగిపోయింది.

"పెద్దమ్మా, నీకు చదువంటే ఇష్టం లేదని అమ్మ చెప్పింది. ఇదే ఇష్టమా నీకు?"

అక్క నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. తర్వాత శ్రావ్య తల నిమిరి, "అవు బిడ్డా, నాకు సదువు రాలె" అని ఊడిన రేకుల్ని కుండీలో వేసి ముందుకు నడిచింది. నన్ను కాపాడడానికి తన మీదే వేసుకుంది. సిగ్గుతో నాకు తల ఎత్తాలనిపించలేదు.

పన్నెండున్నరకు మహిళా సంఘం వాళ్ల భోజనాల డేరాలో కూర్చున్నాం. జొన్నరొట్టె, వంకాయ కూర, పల్లీల పొడి, ప్లేటు అరవై. వడ్డించే ఆమె బంటికి కారం తగలకుండా విడిగా పెరుగన్నం కలిపి ఇచ్చింది, దానికి పైసలు తీసుకోలేదు. వాడు తిని నా ఒడిలో నిద్రపోయాడు. ఇక అప్పుడు చెప్పాను.

"శ్రావ్యా, పెద్దమ్మ గురించి నేను నీకు అబద్ధం చెప్పిన."

అక్క "ఇప్పుడెందుకవన్ని" అని అడ్డుపడింది. నేను ఆగలేదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అక్కకు పదేళ్లప్పుడు ఇద్దరినీ బడి మాన్పించి క్రాసింగ్‌కు పంపారని చెప్పాను. తలా రెండు సాళ్లు మా వంతు. ఒక సీజన్ గడిచాక బడి సారు మా ఇంటికి వచ్చి, కనీసం ఒక్కరినైనా పంపమని అమ్మానాన్నలను బతిమాలాడు. మాలో బాగా చదివేది అక్కే. నాకు అ ఆలు నేల మీద రాయించింది కూడా అక్కే. అయినా చెల్లెను పంపండి, దాని సాళ్లు కూడా నేనే చూసుకుంటానని అక్క అంది. నేను బడికి పోయాను. అక్క ఆ తర్వాత ఆరేళ్లు నాలుగు సాళ్లూ చేసింది.

 శ్రావ్య పెద్దమ్మ బొటనవేలు పట్టుకుని, మందంగా గీతలు పడిన ఆ గోరును తడిమింది. 

స్ప్రేయర్ బేరం రెండు గంటలకల్లా తెగింది. దానితో ఇచ్చిన కాగితం చదవబోతుంటే శ్రావ్య నా చేతిలోంచి తీసుకుంది. అట్టపెట్టె మీద కూర్చుని, బ్యాటరీ ఎన్ని గంటలు ఛార్జ్ చేయాలి, మందు కొట్టాక ఎలా కడగాలి, అన్నీ తడుముకుంటూ పెద్దమ్మకు చదివి వినిపించింది. నేను సాయం చేయబోతే వద్దంది. అక్క బడిలో పిల్లలా చేతులు కట్టుకుని వింది.

మూడున్నరకు బస్టాండులో అక్క బస్సు ముందు వచ్చింది. ఎక్కే ముందు, పిల్లలకు వినపడనంత మెల్లగా ఒక్క మాట అంది.

"నా గురించి ఏమన్న చెప్పుకో చెల్లె. నాకు సదువంటే ఇష్టం లేకుండె అని మాత్రం ఎన్నడు చెప్పకు."

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది. ఇన్నేళ్లుగా నా జీతం, నా ఉద్యోగం, నేను చెప్పే పాఠాలు అన్నీ అక్క ఇచ్చినవే అని మనసులో మొక్కుకుంటూనే ఉన్నాను. పైకి మాత్రం ఆమె దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ, ఆ ఇష్టాన్నీ, ఒక్క అబద్ధంతో తీసేసుకున్నాను. చిన్న పిల్లలతో మేళాకు వెళ్లొచ్చా అని అడిగే తల్లులకు నా జవాబు, ఆరేళ్లు దాటితే తప్పకుండా వెళ్లండి, అంతకంటే చిన్నవాళ్లను ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. పత్తి పువ్వును మధ్యాహ్నం లోపే చూడాలి కాబట్టి పదింటికల్లా లోపల ఉండండి. టోపీ, నీళ్ల సీసా ఎలాగూ పెట్టుకుంటారు. వీలైతే పొలం పనులు చేసిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. వాళ్ల గురించి పిల్లలకు ఏం చెప్పి ఉంచారో మాత్రం ఇంట్లోనే సరిదిద్దుకుని బయలుదేరండి. నేను అది మా అక్క ఎదురుగా చేయాల్సి వచ్చింది.