బామ్మర్ది పెండ్లికి మా కారు చడావెక్కిన తీరు

మొన్న మా బామ్మర్ది పెండ్లిల నా ఇజ్జత్ ఎట్ల పోయి ఎట్ల వాపస్ వచ్చిందో చెప్త, గని ఒక్క షరతు. మాట అయిపోయేదాక ఎవ్వరు నవ్వొద్దు. చాయ్ గొంతుల అడ్డం పడితే నా జిమ్మేదారి కాదు. ఇంకో మాట, ఇది మా ఇంటిదాక పోవద్దు. మా అత్తమ్మ దాకనైతే అసలే పోవద్దు!

నా కారు సంగతి మీకు ఎర్కే గద. సెకండ్‌హ్యాండ్ అని కొన్న, గని నా కన్న ముందు ఎంతమంది చేతులు మారిందో ఆ దేవునికే ఎర్క. కొన్న దినం కార్ఖానా గేటు కాడ దాని చుట్టు తిరిగి, "భాయ్, ఈ తలుపు లోపటికెళ్లి తెరుస్తరా, బయటికెళ్లి తన్నుతరా?" అని అడిగింది మీరే. మీరు ఏమన్న అనుండ్రి, గుంజుడుల మాత్రం గుర్రమే. కొత్తల ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని, ఎత్తుబాట వస్తే థర్డ్ గేర్లనే చడావెక్కిన బండి అది.

మా సుశీల ఆ కారును చూసుకొని మస్తు మురిసింది. మురిసినామె ఊకుంటదా? కిషన్‌బాగ్‌ల తల్లిగారింటికి పోయి, "మన శ్రీను పెండ్లికి పిల్లగాడు మా కార్లనే కూసుంటడు" అని అందరి ముంగట అనేసింది. శ్రీను అంటే ఆమె తమ్ముడు. ఆ మాట అన్నప్పుడు ఆడ మా షడ్డకుడు నర్సింగం అన్న గూడ ఉన్నడు. సుశీల అక్క మొగడు. అఫ్జల్‌గంజ్‌ల బెల్లం హోల్‌సేల్ దుకాణం, దాని ముంగట జీపు. ఆ ఇంటికి పెద్దల్లుడు ఆయన, చిన్నల్లుణ్ణి నేను. ఇగ మీకు సమజ్ అయింది గద!

ఆయన మీసం సదురుకుంట, "మంచిదే సుశీలా. గని ఎందుకైన మంచిది, ఎనక నా జీపు వస్తది తియ్యి. ఒక తాడు గూడ ఏసుకొస్త" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వకపోతే కోపమొచ్చిందనుకుంటరు.

ఇంటికొచ్చినంక సుశీల ఒక్కటే మాట అన్నది. "ఏమయ్యా, నేనైతే నోరు జారిన. నా తల్లిగారింట్ల నా మాట కిందపడనియ్యకు. ఆ తాడు మాత్రం మన కారును ముట్టొద్దు." గప్పటి నుంచి నాకు పెండ్లంటే తలంబ్రాలు కాదు భాయ్, ఆ తాడే కండ్ల ముంగట ఆడుతుండె.

ఇగ అసలు ముచ్చట. మా అత్తమ్మ పాపం మంచిది. అల్లుడు కారు కొన్నడని ఎర్రగుడ్డల పటిక, బొగ్గు, ఇంకేమేమో ఏసి దిష్టిమూట కట్టి నా చేతుల పెట్టింది. "బిడ్డా, ముంగట బంపర్‌కు కట్టు. నలుగురి కండ్లు ఊకుంటయా?" అన్నది. కట్టకుంటే అత్తమ్మ మనసు చిన్నగైతది. కడితే మీరున్నరు! క్యాంటీన్ల టేబుల్ గుద్ది, "దిష్టి గిష్టి అంత ఉత్తదే, జర సైన్స్ చదువుండ్రి" అని లెక్చర్ దంచింది నేనే గద. మూట బంపర్‌కు యేలాడుకుంట కార్ఖానా గేట్లకొస్తే మీరు నన్ను బతకనిస్తరా?

అప్పుడు నాకు ఒక తెలివి తట్టింది. బోనెట్ లోపట కడితే? అత్తమ్మకు కట్టినట్టే, మీకు కట్టనట్టే! లోపట ఇంజన్ మీద గుండ్రటి రేకుడబ్బా ఉంది, దానికి ముక్కు లెక్క వెడల్పు గొట్టం ఒకటి పొడుచుకొచ్చింది. దానికి బిగిచ్చి కట్టిన. మూట కన్న గుడ్డ కొసలే ఎక్కువ, ముంగటికి యేలాడుతున్నయి. ఎంత మంచి జాగ దొరికిందిరా అని నా భుజం నేనే చరుచుకున్న. ఏందన్నా, నువ్వప్పుడే నవ్వుతున్నవ్? ఎర్కైనోడివి జర నోరు మూసుకొని కూసో!

రెండు దినాలైనంక చూస్తే కారు గుంజుతలేదు. సాఫ్ రోడ్డు మీద మెల్లగ పోతే బాగనే ఉంటది. జర జోరుగ తొక్కితే చాలు, దమ్ము రోగం వచ్చిన ముసలాయన లెక్క దగ్గుతది. ఎనకకెళ్లి నల్లటి పొగ. చడావు కనబడితే నిల్వడ్తది. ఆపి బోనెట్ తెరిచి చూస్తే అంత సక్కగనే ఉంటది! ఉత్తగ స్టార్ట్ చేసి పెడితే గుర్రుమని పాడుతది.

పెండ్లి దగ్గర పడుతుంది. ఉరికిన అఫ్జల్‌గంజ్‌కు, మెకానిక్ ఖాజా భాయ్ కాడికి. ఆయన బోనెట్ తెరవంగనే ఏం చేసిండో తెల్సా? ముందుగాల చేతులు తుడుచుకున్నడు. "యే తో నజర్ కా హై నా సాబ్?" అని, ఇది దిష్టిదే గద అని అడిగి, బిస్మిల్లా అనుకుంట మూట ఇప్పి, ఊదుబత్తి ముట్టిచ్చే అర మీద పెట్టిండు. మసి చేతులతోని దాన్ని ముట్టొద్దంట. ఎంత మర్యాదస్తుడు!

ఇగ పని షురూ. ప్లగ్గులు తీస్తే బొగ్గులెక్క ఉన్నయి. "పెట్రోల్ జ్యాదా పీ రై సాబ్" అన్నడు, బండి పెట్రోల్ ఎక్కువ తాగుతుందంట. ప్లగ్గులు రుద్దిండు, కార్బురేటర్ ఇప్పి కడిగిండు, పెట్రోల్ పైపును నోటితోని ఊదిండు. ట్రయల్‌కు నయాపుల్ దాక పోయినం. గుర్రం! అసల్ గుర్రం! నాకు ఏడుపొక్కటే తక్కువ, గంత ఖుషీ అయిన. వాపస్ వచ్చినంక ఖాజా భాయ్ మల్ల చేతులు కడుక్కున్నడు. మూట తెచ్చి, ఏడికెళ్లి ఇప్పిండో ఆడనే, నా కన్న గట్టిగ, కొసలు గూడ సక్కగ పరిచి కట్టిండు. "అమానత్ హై సాబ్, జైసా థా వైసా" అన్నడు, నమ్మి ఇచ్చిన సొమ్ము ఎట్లుండెనో అట్లనే అని. నేను ఆయన చెయ్యి పట్టుకొని శుక్రియా గూడ చెప్పిన.

ఇంటికి చేరేలోపట మల్ల దగ్గు.

మల్ల పోయిన. మల్ల మూట అర మీదికి, మల్ల రిపేరు, మల్ల ట్రయల్, మల్ల గుర్రం. మల్ల మూట కట్టుడు, మల్ల గాడిద. బ్రేకులు పట్టుకుంటున్నయేమో అని చక్రాలు లేపి తిప్పిండు. గిర్రున తిరిగినయి. సైలెన్సర్ల ఏమన్న ఇరికిందేమో అని కట్టె పెట్టి పొడిచిండు. ఏం లేదు. ఆఖరికి ఖాజా భాయ్ నెత్తి గోక్కొని, "సాబ్, గాడీకో మేరే సే మొహబ్బత్ హో గయీ. మై బైఠా తో చల్తీ, తుమ్ బైఠే తో రూఠ్‌తీ" అన్నడు. బండి ఆయన మీద మనసు పడ్డదంట, ఆయన కూసుంటే నడుస్తదంట, నేను కూసుంటే అలుగుతదంట! ఆ గల్లీ మొగల్నే మా షడ్డకుని దుకాణం. బెల్లం దిమ్మెల నడిమికెళ్లి తల బయటపెట్టి, "ఏం తమ్మీ, కారు ఖాజా భాయ్‌కే ఇచ్చేసినవా? దినాం చూసి పోనీకి వస్తున్నవ్!" అని కేక. గల్లీ గల్లీ ఇంటది గద!

నేను నా డ్రైవింగే ఖరాబ్ అనుకున్న. బూట్లు ఇడిచి ఉత్తకాలితోని తొక్కిన. బరువేమో అని స్టెప్నీ తీసి ఇంట్ల పెట్టిన. సుశీల చూసి, "రేపు నన్ను గూడ దింపుతవా ఏంది?" అన్నది.

ఈ లొల్లి మా అత్తమ్మ చెవుల పడ్డది. "నేను చెప్పలే బిడ్డా! ఇది మామూలు దిష్టి కాదు. ఆ చిన్న మూటకు ఆగేటట్టు లేదు" అని, జాకెట్టు పీసంత ఎర్రగుడ్డ తీసి పెద్ద మూట కట్టిచ్చింది. నేను ఏం చేసిన? పాతది తీసేసి కొత్తది ఆడనే కట్టిన. జాగ మంచిగున్నది గద! గప్పటి నుంచి సెకండ్ గేర్ల గూడ మూలుగుడే.

పెండ్లి దినం రానే వచ్చింది. పొద్దుగాల కిషన్‌బాగ్‌ల బండికి బంతిపూల దండలు ఏసినం. నా పక్క సీట్ల శ్రీను, బాసింగం కట్టుకొని. ఎనక అత్తమ్మ, సుశీల. మా ఎనక జీపు. జీపుల పెద్దల్లుడు, ఆయన పక్కకు చుట్ట చుట్టిన తాడు. అద్దంల నాకు బాట కనబడ్తలేదు, ఆ తాడే కనబడుతుంది. పెండ్లిపిల్లోళ్ల ఇల్లు సంతోష్‌నగర్ దాటినంక చడావు మీద. సంతోష్‌నగర్ దాక ఎట్లనో గోముగ తెచ్చిన. నా తల్లివి గద, నా బంగారం గద అని బతిమాలుకుంట. చడావు షురూ అయింది. ఫస్ట్ గేర్. కారు ఒక్కసారి దగ్గింది, నల్లగ పొగ ఇడిచింది, నిల్వడ్డది.

చడావు కింద మా ఎనక కలిసిన డప్పులోళ్లు గూడ ఆపేసిండ్రు.  జీపు తలుపు తెరిచిన సప్పుడు ఒక్కటే ఇనబడ్డది.

నర్సింగం అన్న తాడు భుజం మీద ఏసుకొని వచ్చిండు. "శ్రీనూ, దిగు బిడ్డా. జీపుల కూసో" అన్నడు. అత్తమ్మ ఒప్పుకోలె. "బాసింగం కట్టుకొని బండెక్కిన పిల్లగాడు నడిమిట్ల దిగొద్దు!" అన్నది. "అయితే తాడు కట్టి గుంజుత. పెండ్లికొడుకును గుంజుకపోతే ఏంది, పోతే సాలు" అన్నడు పెద్దల్లుడు. మిద్దెల మీద పెండ్లిపిల్లోళ్లు నిలవడి చూస్తనే ఉన్నరు.   అద్దంల సుశీలను చూసిన. కండ్లల్ల నీళ్లు నింపుకొని బయటికి చూస్తుంది. 

గప్పుడు అత్తమ్మ దిగింది. "తాడు గీడు పక్కకు పెట్టు! ఊరి దిష్టంత నా కొడుకు మీద, ఈ బండి మీదనే ఉన్నది. అల్లుడా, ఆ మూట ఇటియ్యి. పిల్లగానికి తిప్పి అవతల పారేస్త!" నేను బోనెట్ తెరిచి మూట ఇప్పిన. చేతుల పట్టుకొని చూస్తును గద... ఎర్రగుడ్డ నడిమిట్ల నల్లగ, గుండ్రంగ, సక్కటి ముద్ర! గాజు పెట్టి గీసినట్టు! ఆ గొట్టం మూతి ఎంతుందో సరిగ్గ అంతే.

 అది ఇంజన్ గాలి పీల్చే ముక్కు! నేను జోరుగ తొక్కినప్పుడల్ల అది దమ్ము గుంజుతది, ఈ గుడ్డ పోయి మూతికి అతుక్కుంటది. బండి ఆపంగనే కిందికి జారి ఏం ఎరగనట్టు యేలాడుతది. అంటే ఇన్ని దినాలు ఆ బండి నోరు మూసి, ముక్కు మూసి, పైకెళ్లి "ఎందుకు ఉరుకుతలేవే" అని తిట్టింది నేనే! ఖాజా భాయ్ ఇప్పినప్పుడల్ల బతికింది, మర్యాదగ కట్టినప్పుడల్ల సచ్చింది.

అత్తమ్మ మూట నా చేతులకెళ్లి గుంజుకొని శ్రీనుకు తిప్పింది, కారుకు తిప్పింది, బాట అవతల పారేసింది. "ఇగ నడువు బిడ్డా!" అన్నది. నేను కూసొని తొక్కిన. అన్నా, ఆ గుంజుడు ఏం చెప్పాలె! డప్పులు మల్ల షురూ కాకముందే మేము పైన ఉన్నం. పెండ్లిపిల్లోళ్లు మంగళారతి పళ్లెం తేనీకి లోపటికి ఉరికిండ్రు. కింద చూస్తే మా షడ్డకుడు చడావు నడిమిట్ల, నల్లపొగల, తాడు భుజం మీద ఏసుకొని నిల్వడ్డడు. సుశీల ఎనకకెళ్లి నా భుజం మీద చెయ్యి ఏసింది. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికి తెలుస్తుంది. మస్తు సంతోషమైంది భాయ్, అబద్ధం ఎందుకు చెప్పాలె.

ఇగ పెండ్లింట్ల అంత మా అత్తమ్మ ముచ్చటే. ఎంతమంది మెకానిక్‌లు చూసినా కానిది ఆమె ఒక్క చేత్తోని చేసిందని. కారుకు తీసినట్టే దిష్టి తీయమని పిల్ల మేనమామ తన స్కూటర్ గూడ తెచ్చి నిలబెట్టిండు. సుశీల మాత్రం బంతిల నా పక్కకు కూసొని మెల్లగ అడిగింది. "ఏమయ్యా, ఆ మూట మీద నల్లగ గుండ్రంగ ఉండె, అదేంది?"

"దిష్టి" అన్న. "గుండ్రంగనే ఉంటది."

ఆమె నా మొఖం దిక్కు చూసింది. పప్పు కలుపుకున్నది. మల్ల చూసింది. ఇగ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుడు మొదలుపెట్టింది, ఇస్తరి ముంగటికెళ్లి లేచిపోయేదాక ఆపలె.

గింతల నర్సింగం అన్న వచ్చి ఆమె జాగల కూసున్నడు. అటిటు చూసి, గొంతు తగ్గిచ్చి, "తమ్మీ, నా జీపు గూడ ఈ నడుమ జర మొండికేస్తుంది. అత్తమ్మతోని నాకొక మూట కట్టిపియ్యవా? నువ్వు ఏడ కట్టినవ్, బోనెట్ లోపట గద? ఏడ సరిగ్గ? చెప్తే నేను గూడ ఆడనే కడ్త" అన్నడు.

దేవుడే నా ఇస్తర్ల తెచ్చి పెట్టినట్టుండె! చెప్దామనే నోరు తెరిచిన. మల్ల సోంచాయించిన. రేపు ఆ జీపు ఏదో చడావు మీద నిల్వడ్తది. దిగి నూకేది ఎవలు? ఆ ఇంట్ల చిన్నల్లుడు ఎవలు?

"వద్దన్నా" అన్న. "నువ్వు ముంగట బంపర్‌కే కట్టు. లోపట కట్టాలంటే నాకున్నంత తెలివి ఉండాలె."