బోర్లించిన రీలు

వీధి మలుపున ఉన్న చిన్న దుకాణంలో, చిరిగిన బట్టకు పోగులో పోగు కలిపి చిరుగు ఆనవాలు లేకుండా రఫ్ఫు చేసే ఆమెను అందరూ రఫ్ఫమ్మ అనేవారు. ఆమెకు స్వంత పేరు లేకపోలేదు గానీ, దానితో ఎవరికీ పని పడలేదు.

ఆమె కూర్చునే చోట, గోడకు ఏటవాలుగా ఆనించిన రీళ్ల బల్ల ఉండేది. వడ్రంగి అయిన భర్త, పెళ్లయిన కొత్తలో, చెక్కకు వరుసలుగా కొయ్య మేకులు దిగగొట్టి దానిని చేసి ఇచ్చాడు. మేకుకొక దారపు రీలు చొప్పున రంగులన్నీ కళ్లెదుట ఉండేవి.

పని పెరిగిన తరువాత తోడికోడలు, అనగా మరిది భార్య, పక్కన స్టూలు వేసుకొని కూర్చోసాగింది. బల్ల ఇద్దరికీ ఒక్కటే గనుక వారి మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. పని నడుమ లేచేవారు తమ రీలును, రంగు చీటీ అంటించిన వైపు లోపలికి పోయేలా, మేకుపై బోర్లించి వెళ్లాలి. బోర్లించిన రీలును రెండవవారు ముట్టుకోరాదు. దానితో 'ఇప్పుడే వస్తాను' అని నోటితో చెప్పే అవసరం తీరిపోయింది.

తోడికోడలి నోరు మాత్రం ఊరుకునేది కాదు. గిరాకీ మెట్లు దిగీ దిగకముందే మొదలుపెట్టేది.

"ఎలక కొరికిందట అక్కా! ఎలక కాదు, వాళ్లావిడ కాలరు పట్టుకుని లాగింది."

రఫ్ఫమ్మ నవ్వు ఆపుకోబోయి వేలికి సూది గుచ్చుకునేది.

మరిదికి దూరపు ఊరిలో మిల్లు ఉద్యోగం దొరికింది. సామాను బండి వీధిలో ఆగి ఉండగా, తోడికోడలు లోపలికి వచ్చి తన బూడిదనీలం రీలును బోర్లించింది.

"ముట్టుకోకు అక్కా. అక్కడ కాస్త కుదుటపడగానే వచ్చేస్తా."

"అంత దూరం పోయాక ఏం వస్తావులే."

"రాకపోతే నా రీలు నువ్వు వాడేసుకోవూ? ఆ భయానికైనా వస్తా."

ఏళ్లు గడిచాయి. ఫోనులో ప్రతిసారీ "వచ్చే నెల అక్కా" అనే మాటే వినిపించేది. రఫ్ఫమ్మ బల్లంతా తుడిచేది గానీ, ఆ రీలును కదిపేది కాదు. కిటికీ ఎండ దానిపై పడుతూనే ఉండేది.

"నాకంటే దాన్నే బాగా చూసుకుంటున్నావు" అని భర్త దెప్పేవాడు.

"అది మీలాగా గురక పెట్టదు మరి."

ఒకనాడు బ్యాండు మాస్టరు, సిగరెట్టు నిప్పు పడి రంధ్రమైన బూడిదనీలం కోటు తెచ్చాడు. సాయంకాలమే వాయించాలి. ఆమె నీలం రంగులన్నీ కోటుపై పెట్టి చూసింది. ఏదీ కలవలేదు.

"అదిగో, ఆ చివరిది. కాస్త వెలిసింది గానీ దీని జాతిదే" అన్నాడు మాస్టరు.

"అది నాది కాదండీ. మా చెల్లిది."

"అడగండి మరి. ఎక్కడుంది?"

"ఇప్పుడే వస్తుంది."

ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. మాస్టరు మాత్రం దానిని నిజమని నమ్మాడు.

"అయితే కూర్చుంటా" అని, ఖాళీగా ఉన్న స్టూలు లాక్కొని, వీధివైపు తిరిగి కూర్చున్నాడు. చెప్పుల చప్పుడైనప్పుడల్లా మెడ సాచేవాడు. అతనితోపాటు రఫ్ఫమ్మ కూడా, పనిని ఒడిలో పెట్టుకొని, వీధిలోకి చూడసాగింది. ఇన్నేళ్లూ ఆమె ఒంటరిగానే అటు చూసింది.

ఎండ గడప దాటింది. మాస్టరు గడియారం చూసుకొని, మళ్లీ వీధివైపు తిరిగాడు.

ఆమె లేచి ఆ రీలును మేకు నుండి తీసింది. కొస పట్టుకొని, వెలిసిన దారాన్ని ఒక ఖాళీ రీలుకు చుట్టసాగింది. పైపొరలు పోగా లోపల రంగు, కొన్ననాటి వలెనే, చెక్కుచెదరక బయటపడింది. దానితో కోటు రంధ్రం పూడ్చి ఇచ్చింది.

మాస్టరు వెలుతురులో కోటు తిప్పి తిప్పి చూశాడు. "ఎక్కడ కాలిందో నాకే తెలీడం లేదు. మీ చెల్లి రానేలేదేమండీ?"

"ఆలస్యమైందండీ."

అతడు వెళ్లిన తరువాత, వెలిసిన దారం చుట్టిన రీలును ఆమె అదే మేకుపై బోర్లించింది. స్టూలును మాత్రం మాస్టరు లాక్కున్న చోటనే, వీధికి ఎదురుగా ఉంచింది.