నాలుగో పేజీలోని నది

కెనడాలోని సార్నియాకి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు భీమారావుగారిని సరాతోవ్ అంకుల్ అంటారు. మా తెలుగు సంఘం పత్రికకు ఆయన గురించి రాయమని అడిగినప్పుడు, ఆయన చేసిన మంచి పనుల జాబితా రాసిస్తే చాలనుకున్నాను. రాయడానికి కూర్చుంటే మాత్రం ఒక జనవరి ఆదివారం పొద్దుటి పూటే ముందుకొచ్చి నిలబడుతోంది. ఆ పొద్దున తేజశ్రీ అనే అమ్మాయి, ఆయన రాసిన నాలుగో పేజీని నమ్మి గడ్డకట్టిన నీళ్ళ మీద ఒంటరిగా నడిచి వెళ్ళింది. ఆ పేజీని టైప్ చేసి అందరికీ పంపింది నేను. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

భీమారావుగారిది కొత్తగూడెం. 1991లో మెడిసిన్ చదవడానికి రష్యాలో వోల్గా ఒడ్డున ఉన్న సరాతోవ్ వెళ్ళారు. ఆయన వెళ్ళిన నాలుగు నెలలకే ఆ దేశం పేరే మారిపోయింది. ఆరేళ్ళూ అక్కడే చదివి పట్టా తెచ్చుకున్నారు. హైదరాబాదులో నర్సింగ్‌హోముల్లో డ్యూటీ డాక్టరుగా కొన్నేళ్ళు చేసి కెనడా వచ్చారు. ఇక్కడ లైసెన్స్ పరీక్ష రెండుసార్లు రాశారు. మూడోసారికి అప్లై చెయ్యలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రి కింది అంతస్తులో ఆపరేషన్ పరికరాలు కడిగి, ఆవిరిలో శుద్ధి చేసి, గుడ్డల్లో చుట్టి పైకి పంపే పని చేస్తున్నారు. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచరు, ఎవరూ అడక్కుండా చెప్పరు.

2022 సెప్టెంబర్‌లో ఊళ్ళోని కాలేజీకి మన పిల్లలు వందల్లో వచ్చారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురేసి. బస్సులు తక్కువ, కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేని ఊరు. ఆసుపత్రి డ్యూటీ అయిపోగానే భీమారావుగారు తన పాత వ్యాన్ తీసేవారు. పరుపులు మోసేవారు, టొరంటో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళొచ్చేవారు, చలికోటు కొనేటప్పుడు లోపలి కుట్టు విప్పి చూసి మరీ కొనిపించేవారు. ఎక్కడికెళ్ళినా నోట్లో సరాతోవ్ కబుర్లే. ఆయన భార్య బాలత్రిపురసుందరిగారు పిల్లలందరి ముందూ అనేవారు: "ఈయన ఒట్టి అద్దెకు ఉంటున్నారు ఇక్కడ. సొంతిల్లు ఆ వోల్గా ఒడ్డునే ఉంది."

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. అప్పటికి మా పాపకు రెండేళ్ళు. మావారు గోపీకృష్ణ వారమంతా వాటర్లూలో ఉద్యోగం చేసి శుక్రవారం సాయంత్రం వచ్చేవారు. మిగిలిన రోజులు నేనూ పాపా, దాని దగ్గూ. అది నిద్రపోతుంటే ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టేదాన్ని. అంకె కొంచెం పెరిగితే భీమారావుగారికి ఫోన్ చేసేదాన్ని. "నేను ఇక్కడ డాక్టర్ని కాదమ్మా" అని ప్రతిసారీ ముందుగా చెప్పి, పాప పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా, పాలు తాగుతోందా అని నెమ్మదిగా అడిగేవారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆయనకు ఏదైనా సాయం చెయ్యాలని నాకు ఉండేది.

నవంబర్‌లో ఆ అవకాశం వచ్చింది. కొత్తగా వచ్చేవాళ్ళు అడిగిందే అడుగుతున్నారనీ, అన్నీ ఒక కాగితం మీద రాసి వాట్సాప్‌లో పెడితే బాగుంటుందనీ ఆయన అన్నారు. రాయడం కూడా అక్కర్లేదు, తన దగ్గర ఉందంటూ ఒక నోటుపుస్తకం తెచ్చారు. సరాతోవ్‌లో రెండో ఏడాది ఉండగా, కొత్త జూనియర్ల కోసం తెలుగులో రాసినది. హాస్టల్లో గది నుంచి గదికి తిరిగి తిరిగి అట్ట ఊడిపోయి, చివరికి ఆయన దగ్గరికే వచ్చిందట.

ఆ పుస్తకం చాలా బాగుంది. మొదటి పేజీలో ఊరు ఎలా ఉంటుందో ఉంది. కుడి ఒడ్డు ఎత్తుగా ఉంటుంది, ఊరంతా ఆ ఎత్తు మీద నుంచి నదిలోకి దిగుతుంది. అవతల పల్లపు ఒడ్డున ఎంగెల్స్ అనే పట్నం. మధ్యలో మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న వంతెన. దిక్కు తెలియకపోతే పల్లానికి నడవండి, నది వస్తుంది, అక్కడి నుంచి ఎవరైనా దారి చెప్తారు అని రాశారు. రెండో పేజీ తిండి. అక్కడి కలాచ్ అనే రొట్టెను అరచేత్తో అదిమి వదిలితే మళ్ళీ పైకి లేవాలి, లేవకపోతే కొనొద్దు. కేఫీర్ అనే పుల్లటి పాలను అన్నంలో కలిపి ఉప్పు వేసుకుంటే పెరుగన్నం. ఆగస్టులో పుచ్చకాయలు లారీల్లో వచ్చి రోడ్డు పక్కన గుట్టలు పడతాయి. మూడో పేజీలో ఊరి బయట సంగతులు: చెట్టు లేని గడ్డి మైదానాలు, పొద్దుతిరుగుడు పొలాలు, ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ జర్మన్ల ఇటుక ఇళ్ళు, అంతరిక్షంలోకి మొదట వెళ్ళిన మనిషి తిరిగొచ్చి దిగిన పొలం. అక్కడికి సెలవు రోజున ఎలా వెళ్ళాలో కూడా ఉంది.

మా వంటింటి బల్ల దగ్గర ఆయన చదువుతుంటే నేను టైప్ చేశాను. రైల్వేస్టేషన్ ఉన్నచోట కాలేజీ, ట్రాలీబస్సు ఉన్నచోట సిటీ బస్సు పెడుతూ వచ్చాం. ఆయన మధ్యమధ్యలో ఆగిపోయి, చిరుగంటలు కట్టిన ఆ ఊరి అకార్డియన్ ఎలా మోగుతుందో చెప్పేవారు. మూడో పేజీ అయ్యేసరికి పాప జ్వరంతో ఏడవడం మొదలుపెట్టింది. ఆయన దాని ఒళ్ళు చూసి, మందు ఎంత వెయ్యాలో చెప్పి లేచారు. నాలుగో పేజీ చలికాలం గురించి. దాన్ని నా ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

"పేర్లు మారిస్తే సరిపోతుందమ్మా. చలి చలే గదా, నది నదే గదా" అన్నారు బూట్లు తొడుక్కుంటూ.

మర్నాడు పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక చేత్తో ఆ పేజీ టైప్ చేశాను. ఎంగెల్స్ తీసేసి అవతలి ఒడ్డు అని పెట్టాను. వోల్గా తీసేసి బే అని పెట్టాను. ఇక్కడ సెయింట్ క్లెయిర్ నది పక్కన ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన నీటిపాయ అది. అప్పుడు ఆ పేజీలో ఇలా ఉంది: "బస్సు రాని రోజున అవతలి ఒడ్డుకు బే మీదుగా నడవవచ్చు. చేపలు పట్టేవాళ్ళు కూర్చున్నచోట మంచు గట్టిగా ఉంటుంది. వాళ్ళ అడుగుల వెంట వెళ్ళండి. కాలి కింద మంచు చప్పుడు చేస్తే నిలబడవద్దు. బోర్లా పడుకుని, వచ్చిన దారినే పాకండి." పంపించేశాను. చాలామంది దండం పెట్టే బొమ్మలు పెట్టారు.

వోల్గాకు సరాతోవ్ దిగువన ఆనకట్ట ఉంది. అక్కడ నీళ్ళు దాదాపు నిలిచి ఉంటాయి, అందుకే మంచు జానెడు మందం కడుతుంది. ఇక్కడ ఒక మహాసరస్సు నీళ్ళన్నీ ఇరుకు మూతిలోంచి తోసుకొస్తాయి. ఈ ఊరి వంతెన కింద నది ఎంత చలిలోనూ గడ్డకట్టదు. బే గడ్డకట్టినా, చలికాలానికి వచ్చి ఆగిన ఓడల పక్కన మంచు అడుగునుంచి కరిగిపోతూ ఉంటుంది. ఇవి పదో తరగతి పిల్లలకు చెప్పగల విషయాలు. ఆ రోజు నాకు తట్టలేదు. పదిహేనేళ్ళుగా ఇక్కడున్న భీమారావుగారికీ తట్టలేదు. ఆయన ఈ ఊళ్ళో నీళ్ళ పక్క నుంచి వెళ్ళిందంతా వ్యాన్‌లోనే.

తేజశ్రీది సూర్యాపేట. బే అవతలి వైపు ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పని దొరికింది. ఆదివారం ఎనిమిదింటికల్లా అక్కడుండాలి, బస్సులు అప్పటికి మొదలుకావు. రోడ్డు వెంట నడిస్తే చాలా చుట్టు. ప్రతి వారం భీమారావుగారిని అడగడానికి మొహమాటం. ఆ ఆదివారం ఏడుంబావుకి నేను పాపకి ఉప్మా పెడుతుంటే గ్రూపులో ఫొటో వచ్చింది. తెల్లటి మంచు, దాని మీద రెండు బూట్లు, దూరంగా చేపలు పట్టేవాళ్ళ గుడిసె. కింద "సరాతోవ్ అంకుల్ షార్ట్‌కట్" అని రాసి ఉంది.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. భీమారావుగారికి చేస్తే, ఆయన ఫొటో చూసి, బయల్దేరుతున్నానని ఫోన్ పెట్టేశారు. పాపని జాకెట్ కూడా సరిగ్గా వెయ్యకుండా కారు సీటులో కట్టి బయల్దేరాను. దారంతా నా కళ్ళ ముందు బే మీదుగా నడవవచ్చని టైప్ చేసిన ఆ వాక్యం, దాని పక్కన నేను పెట్టిన ఫుల్‌స్టాప్.

నేను వెళ్ళేసరికి ఆమె ఒడ్డున ఒక ముసలి జాలరి ట్రక్కులో దుప్పట్లలో ఉంది. గుడిసె దాటాక చేపలవాళ్ళ అడుగుజాడలు ఆగిపోయాయట. హోటల్ ఎదురుగానే కనపడుతోంది కదా అని, ఓడ పక్క నుంచి నడిచిందట. కుడికాలు తొడ దాకా దిగిపోయింది, వెంటనే రెండోదీ. ఆమె బోర్లా పడి, చేతులు చాచి, వచ్చిన దారిన పాకడానికి చూసింది. జాలరి మంచు మీద జారే స్లెడ్ బల్లను తాడు కట్టి తోసి, ఆమెను లాగాడు. ఆమె ఫోన్ నీళ్ళలో పడిపోయింది.

భీమారావుగారు ట్రక్కు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తడిసిన మేజోళ్ళు కత్తెరతో కోస్తున్నారు. వేళ్ళను రుద్దకుండా, రెండు అరచేతుల మధ్య ఊరికే పట్టుకున్నారు. ఒక్కో వేలూ ముట్టుకుని తెలుస్తోందా అని అడుగుతున్నారు. చివరి రెండు వేళ్ళ దగ్గర ఆమె తల అడ్డంగా ఊపింది.

"అటు నడవమని ఎవరు చెప్పారమ్మా?" అన్నారాయన. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగారు.

తేజశ్రీ పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మీ పేపర్లోనే ఉంది గదా అంకుల్. పడుకొమ్మని కూడా ఉండె. అందుకే పడుకున్న."

ఆయన ఆమె పాదాలను వదల్లేదు. తల మాత్రం వంచేసుకున్నారు. అప్పుడే అంబులెన్స్ వచ్చింది.

వేళ్ళకు స్పర్శ రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ హోటల్ పని పోయింది. ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దని ఆమె అందరి దగ్గరా మాట తీసుకుంది. నేను భీమారావుగారి దగ్గరికి వెళ్ళి, ఆలోచించకుండా పేర్లు మార్చింది నేనేనని చెప్పాను.

"నువ్వు పేరు మార్చావు. నది మారిందని నేను చెప్పాలి గదమ్మా" అన్నారాయన.

గ్రూపులోంచి ఆ కాగితం తీసేశాం. తేజశ్రీ చెప్తుంటే కొత్తది రాశాం. ఏ బస్సు ఏ రోజు ఎన్నింటికి మొదలవుతుంది, ఏ రోడ్డుకి కాలిబాట లేదు, బే మీదికి ఎందుకు దిగకూడదు. కారు లేనివాళ్ళకే తెలిసిన విషయాలవన్నీ. ఆదివారాలు భీమారావుగారు ఆరున్నరకే వ్యాన్‌తో ఆమె ఇంటి ముందు ఆగుతున్నారు, కొత్త పనిలో దించడానికి. ఆయన సరాతోవ్ కబుర్లు చెప్పడం లేదని బాలత్రిపురసుందరిగారు నాతో అన్నారు. నవ్వుతూ అనలేదు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. మరుసటి డిసెంబర్‌లో వాటర్లూ నుంచి మావారు ఒక మెసేజ్ పంపారు. అక్కడి తెలుగు విద్యార్థుల గ్రూపులో కనిపించిందట. "కొత్తగా వచ్చినవాళ్ళకు" అని పైన ఉంది. అవే వాక్యాలు, అదే ఫుల్‌స్టాప్. సార్నియా ఉన్నచోట వాటర్లూ ఉంది. బే ఉన్నచోట లేక్ ఉంది.

పాపని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళి భీమారావుగారికి చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు. పంపిన నంబరు తీసుకుని, స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. ఎవరో అబ్బాయి ఎత్తాడు.

"బాబూ, మీ గ్రూపులో పెట్టిన కాగితం నేను రాసింది. అందులో చలికాలం గురించి ఉన్నది తప్పు. తీసెయ్యి" అన్నారు.

"లేదంకుల్, ఇది మా సీనియర్ రాసింది" అన్నాడా అబ్బాయి మర్యాదగానే. "ఆయన ఇక్కడ మూడేళ్ళ నుంచి ఉన్నారు. అన్నీ కరెక్టేనంట." గట్టిగా అడిగితే, వాళ్ళ సీనియర్‌కి అది బ్రాంప్టన్ నుంచి వచ్చిందో, ఇంకెక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియదన్నాడు.

భీమారావుగారు ఆ అబ్బాయి మాట తోసెయ్యలేదు. నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టుకుని, నాలుగో పేజీ తీశారు. పాప వచ్చి ఆయన మోకాలు పట్టుకుంది. ఒక చెయ్యి దాని తల మీద వేసి, ఫోన్‌కి దగ్గరగా వంగారు.

"సరే నాన్నా. ఫోన్ పెట్టెయ్యకు" అన్నారు. "మీ ఇంటి దగ్గర చెరువు ఎక్కడుందో, దాని మీద ఎవరెవరు నడుస్తున్నారో ముందు నాకు చెప్పు."