సుద్ద మీది తడి గీత

టేకుమట్ల దగ్గరి తండాలో తొమ్మిది మీటర్ల చేదబావి ఒకటుంది. పదకొండేళ్లుగా ప్రతి ఉదయం సోమ్లీ ఇనుప టేపు చివర సుద్ద పూసి అందులోకి వదులుతుంది. పైకి లాగి, సుద్ద ఎంత మేర తడిసిందో చూసి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నోటుబుక్కులో రాస్తుంది. ఏడు మీటర్ల ముప్పై రెండు సెంటీమీటర్లయితే అంతే రాస్తుంది. ముప్పై అని సరిపెట్టడం ఆమె దృష్టిలో దొంగతనం. నిండిన పుస్తకాలన్నీ రేకుపెట్టెలో ఉన్నాయి.

నిరుడు ఒక కంపెనీ ఆ బావికి యంత్రం బిగించింది. గంటగంటకూ అది లోతు కొలుస్తుంది. ఆరు నెలల సగటు ఆరు మీటర్లు దాటితేనే కంపెనీ తండాకు నీళ్ల ట్యాంకరు పంపుతుంది. కంప్యూటరు తేల్చిన సగటు నాలుగు.

కంపెనీ సూపర్‌వైజరు రాకేశ్ ఆ సగటు అచ్చేసిన కాగితం పట్టుకొని వచ్చాడు.

"అవ్వా, నీ బుక్కుల అన్ని ఏడులే ఉన్నయి. కొట్టేసి నాలుగు రాయి. లెక్క కలవాలె గదా."

"మీ మిషిని గంటగంటకు ఏం రాసిందో గది సదువుండ్రి ముందు."

వెంట వచ్చిన ఇంజినీరు తేజస్విని ల్యాప్‌టాప్ తెరిచి చదివింది. నాలుగు వేల పైచిలుకు కొలతలు. ఒక్కటీ ఏడుకు తగ్గలేదు, ఎనిమిదికి చేరలేదు.

"అన్ని ఏడు మీదనే ఉంటే సగటు నాలుగెట్లయితది బిడ్డా? నా మనుమరాలు మూడో తరగతి. దాన్నడుగుదామా?"

"కంప్యూటరుకు నీకంటె ఎక్కువ తెలుస్తదవ్వా," అని రాకేశ్ నవ్వాడు. ఆర్నెల్లుగా తాగుతున్న బురదనీళ్ల కన్నా ఆ నవ్వే సోమ్లీకి ఎక్కువ రోత పుట్టించింది.

తేజస్విని నవ్వలేదు. కొలతల మొత్తం ఎలా పెరిగిందో వెతికి చూసింది. సగం దారిలోనే అది 16384 దగ్గర ఆగిపోయింది.

"కంప్యూటరుల చోటు పొదుపని కూడికకు పదహారు బిట్ల ఇరుకు గడి ఇచ్చినం అవ్వా. మొత్తం గింత పెద్దదైనంక అది పదహారు పదహారుగనే జరుగుతది. అందుల సగం, ఎనిమిది కూడ లేని అంకెను కలిపితే ఉన్నకాడనే ఉంటది."

"అంటే నా బావి ఎండుడు మీ లెక్కల పడనే లేదు."

ఒక తండా దాహంతో మిగిల్చిన చోటు అది! తేజస్విని తల వంచుకొని కూడికను అరవై నాలుగు బిట్లకు మార్చింది. సగటు 7.34.

రాకేశ్ పాత కాగితాన్ని చింపబోయాడు. "తప్పు దొరికింది, సరిచేసినం. ఇంక గిదెందుకు?"

సోమ్లీ దాన్ని లాక్కుంది. "బురద తాగినం. కాగితం చింపితే గది కడుపులకెల్లి పోతదా?"

ఆ కాగితం వెనుకే తేదీ, ఆనాటి కొలత, కొత్త సగటు రాసి ముందుకు చాపింది. ట్యాంకరు పంపుతామని కింద రాసి రాకేశ్ సంతకం పెట్టేదాకా వాళ్ల జీపుకు అడ్డంగా కూర్చొని లేవలేదు. తర్వాత దాన్ని రేకుపెట్టెలో అన్ని పుస్తకాలకూ పైన పెట్టి తాళం వేసింది.